స్ట్రెప్టోమైసిన్ నిరోధకత – బాక్టీరియా ప్రోటీన్ల పాత్ర

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు, నిమ్మలో గజ్జి తెగులు కనిపించగానే స్ట్రెప్టోసైక్లిన్ పిచికారీ చేయడం మన రైతులకు చిరకాలపు అలవాటు. ఇందులో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ 9:1 నిష్పత్తిలో ఉంటాయి. మందు పనిచేయకపోతే మోతాదు పెంచవచ్చునా అన్నది విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురయ్యే ప్రశ్న. బాక్టీరియా ఏ ప్రోటీన్ ఆసరాతో మందును తట్టుకుంటున్నదో తెలిస్తే సమాధానం సులభమవుతుంది.

స్ట్రెప్టోమైసిన్ రైబోజోములోని 30ఎస్ ఉపభాగానికి అతుక్కొని, ప్రోటీన్ల తయారీలో తప్పులు దొర్లేటట్లు చేస్తుంది. అది అతుక్కునే చోటికి ఆనుకొని ఎస్12 అనే ప్రోటీన్ ఉంటుంది. దీని 43వ స్థానంలో లైసిన్‌కు బదులు ఆర్జినిన్ చేరితే చాలు, మందుకు పట్టు దొరకదు. ఆపిల్, పియర్ తోటల్లో ఫైర్ బ్లైట్ తెగులు కలిగించే ఎర్వీనియా అమైలోవొరాలో ఈ మార్పు బాగా అధ్యయనమైంది. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని ఈ బాక్టీరియాను మొదట 1971లో కాలిఫోర్నియాలో గుర్తించారు. ఎస్12 మారిన బాక్టీరియా మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల మందులోనూ పెరుగుతుంది. అక్కడి తోటల్లో కొట్టే ద్రావణంలో ఉండేది 100 మైక్రోగ్రాములే. మోతాదు రెట్టింపు చేసినా ప్రయోజనం లేదు.

మిషిగన్ తోటల్లో కనిపించినది వేరు. అక్కడ స్ట్రెప్టోమైసిన్ అణువుకు ఫాస్ఫేటును తగిలించి దానిని నిర్వీర్యం చేసే రెండు ఎంజైములు, ఎస్‌టీఆర్-ఏ, ఎస్‌టీఆర్-బీ, ఉన్నాయి. వీటి వలన కలిగే నిరోధకత ఎస్12 మార్పు వలన కలిగేదానికంటే తక్కువ. అయినా నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం. ఎస్12 మార్పు క్రోమోజోములో ఉండి సంతతికి మాత్రమే సంక్రమిస్తుంది. ఎంజైముల జన్యువులు టీఎన్5393 అనే ట్రాన్స్‌పోజాన్‌పై ఉండి, ప్లాస్మిడ్లతో ఒక జాతి నుండి మరొక జాతికి చేరగలవు. ఇవే జన్యువులు మనుషుల, పశువుల వ్యాధికారక బాక్టీరియాలోనూ ఉన్నాయి.

టెట్రాసైక్లిన్‌ను కలిపినంత మాత్రాన భరోసా లేదు. టెట్-ఏ అనే పొర ప్రోటీన్ దానిని కణం నుండి బయటకు తోడివేస్తుంది. రెండు మందుల నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్‌పై ఉంటే, ఒక్క మందు వాడినా రెండింటికీ లొంగని బాక్టీరియా మిగులుతుంది.

పిచికారీ విఫలమైన ప్రతిచోటా నిరోధకతే కారణమనుకోరాదు. అధిక నత్రజని, పిచికారీ వెంటనే కురిసిన వాన కూడా కారణం కావచ్చు. తెగులు సోకిన ఆకు నుండి బాక్టీరియాను వేరుచేసి, స్ట్రెప్టోమైసిన్ కలిపిన మాధ్యమంపై పెంచి చూడాలి. పెరిగితే ఎస్‌టీఆర్-ఏ జన్యువు కోసం పీసీఆర్ పరీక్ష చేయాలి. ఈలోగా వరి రైతుకు ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 జన్యువులు గల మెరుగుపరచిన సాంబ మసూరిని సూచించవచ్చు.