ప్రాజెక్టు రోజున మొరాయించని బోర్డు: ఆర్డుయినో షీల్డులపై ఒక పాఠం

ఇంట్లో రాత్రంతా చక్కగా మోగిన నీటిమట్టం అలారం, బస్సులో కాలేజీకి చేరేసరికి మూగబోవడం మేము చూశాం. ప్రోగ్రాములో తప్పు లేదు. బ్రెడ్‌బోర్డులో ఒక్క జంపర్ తీగ వదులైంది. నాలుగు నెలల కష్టానికి మార్కులు రాలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాం.

బ్రెడ్‌బోర్డు లోపల తీగను పట్టుకునేవి చిన్న స్ప్రింగు రేకులు. వాడేకొద్దీ వాటి పట్టు సడలుతుంది. ఆలోచనను పరీక్షించడానికి అది మంచిదే కాని, ప్రయాణానికి పనికిరాదు.

ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డుయినో దీనికొక దారి చూపింది. బోర్డు రెండు అంచుల్లోని సాకెట్లలో సరిగ్గా దిగేలా తయారైన అదనపు బోర్డునే షీల్డు అంటారు. పిన్నులన్నీ ఒకేసారి గట్టిగా కూర్చుంటాయి. తగిన సాకెట్లుంటే దానిపై మరొకటి అంతస్తులా పెట్టవచ్చు.

అయితే అమర్చేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

1. పిన్నుల తగాదా: ఊనోపై ఈథర్నెట్ షీల్డు 10, 11, 12, 13 పిన్నులను, మెమరీ కార్డు కోసం 4ను వాడుతుంది. ఆర్డుయినో మోటార్ షీల్డుకు 3, 8, 9, 11, 12, 13 కావాలి. 11, 12, 13 రెండింటికీ కావాలి కనుక వీటిని ఉన్నవి ఉన్నట్టు కలపలేం. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తీగలతో నడిచే మోటార్ షీల్డు తీసుకుంటే ఈ తగాదా తీరుతుంది.

2. వోల్టేజీ: ఊనో 5 వోల్టులది, డ్యూ 3.3 వోల్టులది. డ్యూ పిన్నుకు 5 వోల్టులిస్తే బోర్డు పాడవుతుంది.

3. కరెంటు: ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకండి. మోటారుకు విడిగా సరఫరా ఇచ్చి, గ్రౌండులు కలపండి.

సొంత సర్క్యూట్ ఉంటే ప్రోటో షీల్డు కొని, దానిపై టంకం వేయండి. మామూలు చిల్లుల బోర్డు నేరుగా సరిపోదు. పిన్నుల మధ్య దూరం 0.1 అంగుళమైనా, 7, 8 పిన్నుల మధ్య మాత్రం 0.16 అంగుళం ఉంటుంది. సెన్సర్ తీగలను స్క్రూ టెర్మినల్‌లో బిగించండి.

ముందు బ్రెడ్‌బోర్డుపై సర్క్యూట్ పనిచేయించండి. ఏ పిన్ను దేనికో పట్టిక రాసుకోండి. టంకం అయ్యాక కరెంటు ఇచ్చి, మెల్లగా కదిపి చూడండి. ప్రాజెక్టు ముగిశాక ఊనోను, షీల్డులను విడదీసి తర్వాతి తరగతివారికి ఇవ్వండి. కొనలేని ఒక విద్యార్థి చదువు దానితో ముందుకు సాగుతుంది.