ఫోను జాడ, మనిషి జాడ

2008 నవంబరు 26 రాత్రి ముంబైపై దాడి చేసిన పదిమంది జీపీఎస్ పరికరాల సాయంతో సముద్రం దాటి వచ్చారు. ఒడ్డు చేరిన తరువాత సెల్‌ఫోన్లలో పాకిస్థాన్‌లోని సూత్రధారుల ఆదేశాలు అందుకున్నారు. భద్రతా సంస్థలు విని నమోదు చేసిన ఆ సంభాషణలు కుట్ర మూలాన్ని నిరూపించడానికి ఎంతో ఉపకరించాయి. దాడికి గురైన ఛత్రపతి శివాజీ టెర్మినస్ కామాఠిపురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. కనుక దేశరక్షణకు ఫోను జాడ తీయడమే తప్పని ఈ నగరవాసులెవరూ అనరు. విచారించవలసిన ప్రశ్న మరొకటి: దొరికిన జాడ ఫోనుదా, మనిషిదా?

ఫోనులో మాట్లాడినప్పుడు ఏ నంబరు, ఏ వేళ, ఏ టవరు ద్వారా పనిచేసిందో మొబైల్ కంపెనీ వద్ద నమోదవుతుంది. 2021 డిసెంబరులో సవరించిన లైసెన్సు నిబంధనల ప్రకారం ఈ రికార్డును కనీసం 2 ఏళ్లు భద్రపరచాలి. ఘటన జరిగిన చోట ఆ సమయంలో టవరు పరిధిలో పనిచేసిన నంబర్లన్నిటినీ పోలీసులు ఒక్కసారిగా తెప్పించుకోవడాన్ని టవర్ డంప్ అంటారు. పల్లెలో అటువంటి జాబితా చిన్నది కావచ్చు. గల్లీకి గల్లీ ఆనుకొని, అంతస్తుపై అంతస్తుగా చాళ్లు నిలిచిన కామాఠిపురంలో నేరంతో ఏ సంబంధమూ లేని వందలాది కుటుంబాలు అందులో చేరిపోతాయి.

నిజాం రాజ్యం నుండి వచ్చి బొంబాయి కట్టడాలకు రాళ్లెత్తిన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. వలస కూలీల జీవితంలో ఒకే గదిని నలుగురైదుగురు పంచుకోవడం, ఒకరి పేరిట తీసుకున్న సిమ్ మరొకరు వాడడం అరుదు కాదు. పండుగకు ఊరికి వెళ్లేవాడు తన ఫోనును తమ్మునికి వదిలి వెళతాడు. అప్పుడు పాలమూరులో ఉన్న మనిషి రికార్డులో ముంబైలో కనిపిస్తాడు. అంతకన్న బాధాకరమైన చిక్కు మరొకటి ఉన్నది. పడుపువృత్తి కారణంగా లోకం ఈ పేటకు ఒక ముద్ర వేసింది. రాత్రివేళ ఇక్కడ కనిపించిన నంబరు తరతరాలుగా కాపురముంటున్న గృహస్థునిది కావచ్చు, పనికి వెళ్లి వచ్చిన స్త్రీది కావచ్చు. టవరు రికార్డులో కారణం రాయడానికి గడి లేదు. చూసేవారు తమ అనుమానంతో దానిని నింపుకుంటారు.

మనుషుల ఉనికిని భద్రత పేరిట కనిపెట్టడం తెలుగువారికి కొత్తది కాదు. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 చట్టం తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. దాని కింద ఎరుకలవారిని బాపట్ల వద్ద స్టూవర్టుపురంలో ఉంచారు. నమోదైన వ్యక్తి హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. నేరం చేశాడా అని కాక ఏ కులంలో పుట్టాడని చూసిన ఆ చట్టం 1952లో రద్దయింది. దాని మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం, సరైన ప్రయోజనం ఉండాలి. జోక్యం అవసరాన్ని మించరాదు. ఒక మాదకద్రవ్యాల కేసులో నిందితుడు గూగుల్ మ్యాప్‌లో తన చోటును దర్యాప్తు అధికారికి తెలియజేస్తూ ఉండాలన్న బెయిలు షరతును 2024 జూలై 8న అదే కోర్టు కొట్టివేసింది. నిందితుని ప్రతి కదలికపై నిరంతర నిఘా 21వ అధికరణానికి విరుద్ధమన్నది. నిందితునికే ఆ రక్షణ ఉన్నప్పుడు ఏ కేసూ లేని కూలీకి లేదనడం పొసగదు. అయితే 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, రాజ్యభద్రత కారణంగా కేంద్రం తాను ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ మినహాయింపు మరీ విశాలమన్న విమర్శ అకారణమైనది కాదు.

చాళ్లలో నివసించేవారు వెంటనే చేయగలిగిన పని ఒకటి ఉన్నది. ఒకరి పేరిట గరిష్ఠంగా 9 కనెక్షన్లు ఉండవచ్చు. మోసంతో సిమ్ పొందితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. తమ పేరిట ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఎరుగని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయాలి. బంధువు వాడుతున్నదైతే కంపెనీ దుకాణానికి వెళ్లి అతని పేరిట మార్పించాలి.