ఖాతాదారుని గోప్యత

పాఠ్యభాగ ఉద్దేశం
బ్యాంకు మన సొమ్మునే గాక మన జీవితానికి చెందిన ఎన్నో వివరాలను కూడా భద్రపరుస్తుంది. ఆ వివరాలను ఎందుకు సేకరిస్తారు, ఎవరికి తెలియజేయవచ్చు, ఎలా కాపాడాలి అనే విషయాలను తెలియజేయడం, పౌరుని గోప్యతాహక్కు పట్ల అవగాహన కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం
పూర్వం మన పల్లెలలో ధనధాన్యాలు దాచుకోవడానికి నమ్మకస్థుణ్ణి వెతికేవారు. ఆయన సొమ్ము తిరిగి ఇస్తే చాలదు. ఎవరు ఎంత దాచారో పెదవి విప్పి చెప్పకూడదు. నేడు ఆ స్థానంలో బ్యాంకు ఉన్నది. భార్య దాచుకున్న మొత్తం ఎంతో భర్తకైనా, కొడుకు జీతం ఎంతో తండ్రికైనా ఖాతాదారుని అనుమతి లేనిదే బ్యాంకు చెప్పరాదు.

ఖాతా తెరవడానికి వెళ్లినవారిని బ్యాంకు ఛాయాచిత్రం, గుర్తింపు పత్రం, చిరునామా, వృత్తి, ఆదాయం వంటి వివరాలు అడుగుతుంది. ఇది వృథా ఆసక్తి కాదు. దొంగపేర్లతో ఖాతాలు తెరిచి అక్రమార్జనను సక్రమ ధనంగా చూపేవారిని అరికట్టడానికి 2002లో అక్రమ ధన చలామణి నిరోధక చట్టం చేశారు. అది 2005 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఖాతాదారుని గుర్తింపు వివరాలను ఖాతా మూసిన తరువాత కూడా అయిదేళ్లపాటు భద్రపరచాలి.

సేకరించిన సమాచారాన్ని దాచడం బ్యాంకు ధర్మమని స్పష్టంగా చెప్పిన తీర్పు ఒకటి ఇంగ్లండులో వెలువడింది. టూర్నియర్ అనే ఖాతాదారుడు బ్యాంకుకు తొమ్మిది పౌన్ల పైచిలుకు బాకీపడి, వారానికొక పౌను చొప్పున తీరుస్తానని ఒప్పుకొని, మాట నిలుపుకోలేకపోయాడు. అతని ఇంటి చిరునామా తెలుసుకోవడానికి బ్యాంకు మేనేజరు అతని యజమానులకు టెలిఫోను చేశాడు. మాటల మధ్య ఆ బాకీ సంగతి, అతడు పందేలు కాస్తున్నాడన్న అనుమానం బయటపెట్టాడు. గడువు ముగియగానే యజమానులు అతనిని ఉద్యోగంలో కొనసాగించలేదు. ఒక్క మాట ఒక మనిషి జీవనోపాధిని హరించింది! అప్పీలు విచారించిన న్యాయమూర్తులు గోప్యత బ్యాంకుకు నైతిక బాధ్యత మాత్రమే కాదనీ, చట్టబద్ధమైన బాధ్యత అనీ నిర్ణయించారు. చట్టం నిర్బంధించినప్పుడు, ప్రజాశ్రేయస్సు కోరినప్పుడు, బ్యాంకు తన ప్రయోజనాన్ని కాపాడుకోవలసినప్పుడు, ఖాతాదారుడు సమ్మతించినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంటుంది. 1924 నాటి న్యాయ నివేదికలలో ప్రచురితమైన ఈ తీర్పును మన న్యాయస్థానాలు కూడా ప్రమాణంగా స్వీకరించాయి.

ఇటువంటి ప్రశ్నే మన హైదరాబాదు నుండి కూడా సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది. స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించింది. కలెక్టరు లిఖితపూర్వకంగా అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా పత్రాలున్న చోటికి ప్రవేశించి వాటిని తనిఖీ చేయవచ్చుననీ, అవసరమైతే స్వాధీనం చేసుకోవచ్చుననీ ఆ సవరణ చెప్పింది. ఖాతాదారులు బ్యాంకుకు ఇచ్చిన పత్రాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. ఈ అధికారానికి తగిన హద్దులు లేవని హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2004లో తిరస్కరించింది. గోప్యత మనుషులకు చెందినదే గాని స్థలాలకు చెందినది కాదు. పత్రం ఇల్లు దాటి బ్యాంకుకు చేరినంత మాత్రాన అది గోప్యతను కోల్పోదు. ఇదే ఆ తీర్పు సారాంశం. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది.

అయితే గోప్యత పేరుతో నేరానికి ఆశ్రయమివ్వడం తగదు. అందువల్ల పది లక్షల రూపాయలకు మించిన నగదు లావాదేవీలను బ్యాంకులు కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి నివేదిస్తాయి. అలాగే 2005 నాటి చట్టాన్ని అనుసరించి, అప్పులు తీర్చిన తీరును రుణసమాచార సంస్థలకు తెలియజేస్తాయి. ఒకే పేరు గలవారు మన ఊళ్లలో ఎందరో ఉంటారు. ఒకరి బకాయి మరొకరి లెక్కలో చేరితే, అప్పే చేయని రైతుకు కూడా రుణం నిరాకరించవచ్చు. కాబట్టి ప్రతి వ్యక్తికీ ఏడాదికొకసారి తన రుణచరిత్రను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తప్పు కనిపిస్తే సవరించమని కోరడం మన హక్కు.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టమైన ప్రయోజనానికి మాత్రమే పొందాలనీ, దానిని ఉపసంహరించుకునే వీలుండాలనీ అది నిర్దేశిస్తుంది. కాని చదవకుండా సంతకం చేసే అలవాటు మనలో ఉన్నంతకాలం ఏ చట్టమైనా సగమే ఫలిస్తుంది. దరఖాస్తు చివర చిన్న అక్షరాలలో ఉన్న సమ్మతి వాక్యాన్ని చదివి, ఇష్టం లేకపోతే కొట్టివేయమని అడగాలి. రహస్య సంఖ్యను, ఫోనుకు వచ్చే ఓటీపీని బ్యాంకు సిబ్బందికి సైతం చెప్పరాదు. మోసపోయినట్లు గుర్తించిన వెంటనే బ్యాంకుకూ, 1930 సంఖ్యకూ తెలపాలి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే పోయిన సొమ్ము దొరకడం కష్టమవుతుంది.

లాకరుకు రెండు తాళపు చెవులుంటాయి. ఒకటి బ్యాంకు వద్ద, రెండవది మన వద్ద. సమాచార రక్షణ కూడా అటువంటిదే. బ్యాంకు నిజాయితీ, ఖాతాదారుని జాగరూకత కలిసినప్పుడే గోప్యత నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు
గోప్యత : రహస్యంగా ఉంచదగిన స్థితి
అక్రమార్జన : న్యాయవిరుద్ధమైన సంపాదన
జీవనోపాధి : బ్రతుకుతెరువు
ఉపసంహరించు : వెనుకకు తీసుకొను
జాగరూకత : మెలకువ

అభ్యాసం
I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
బ్యాంకు గోప్యతకు సంబంధించి పాఠంలో పేర్కొన్న తీర్పులను వివరించి, వాటి ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గోప్యతకు గల నాలుగు మినహాయింపులేవి?
2. రుణచరిత్రను ఎందుకు పరిశీలించుకోవాలి?

III. సందర్భసహిత వ్యాఖ్య
"ఒక్క మాట ఒక మనిషి జీవనోపాధిని హరించింది!"

IV. వ్యాకరణం
సంధులు : సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
సమాసం : ధనధాన్యాలు – ధనమును, ధాన్యమును – ద్వంద్వ సమాసం