పూత నిలిచేది కడగడంలోనే

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి హైదరాబాదు బండెక్కబోయే పిల్లలకు ఈ మాట. లేత్, వెల్డింగ్ తెలిసిన చేతికి అక్కడ మంచి పని ఒకటుంది: వాక్యూమ్ ఆర్క్ కోటింగ్. బజారులో బంగారు రంగు డ్రిల్ బిట్లు చూసే ఉంటారు. మంచి కంపెనీ బిట్ల మీద ఆ రంగు టైటానియం నైట్రైడ్ పూతది. మందం 2, 3 మైక్రాన్లే అయినా బిట్ ఆయుష్షు బాగా పెరుగుతుంది.

గాలి తోడేసిన ఛాంబర్‌లో టైటానియం దిమ్మ మీద ఆర్క్ వెలిగిస్తారు. వోల్టేజి 20 దగ్గర, కరెంటు 100 ఆంపియర్ల దాకా. లోహం ఆవిరై, ప్లాస్మాగా మారి, నెగటివ్ వోల్టేజి ఇచ్చిన బిట్ మీదకు దూసుకొస్తుంది. లోపలికి వదిలిన నైట్రోజన్‌తో కలిసి గట్టిపడుతుంది.

మెషీన్ నడపడం త్వరగానే పట్టుబడుతుంది. అసలు పని అంతకుముందే ఉంది. కడిగిన బిట్‌ను గ్లవ్స్ లేకుండా పట్టుకున్నారా, ఆ వేలిముద్ర నూనె చాలు, సరిగ్గా అక్కడే పూత పొరలుగా లేస్తుంది. అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగడం, మంచినీటితో కాక డీఐ నీటితో (అయాన్లు తీసేసిన నీటితో) జాడించడం, మరక పడకుండా ఆరబెట్టడం: దీన్ని చిన్నపనిగా చూసేవాళ్లు ఈ రంగంలో ఎదగలేరని నా గట్టి నమ్మకం.

పనిముట్టు చేతికి రాగానే రెండు అడగండి. ఏ స్టీలు, ఎంత వేడిలో టెంపర్ చేశారు? పూత వేసేటప్పటి 450 డిగ్రీల వేడిని హైస్పీడ్ స్టీలు తట్టుకుంటుంది, మామూలు కార్బన్ స్టీలు మెత్తబడిపోతుంది. అతుకు వేసిన కార్బైడ్ టూల్ అయితే ఆ అతుకులో జింకు, కాడ్మియం ఉన్నాయా? ఉంటే అవి వాక్యూమ్‌లో ఆవిరై ఛాంబరంతా పాడుచేస్తాయి.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఈ పూతల మీద పనిచేస్తోంది. ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు దాని వెబ్‌సైట్‌లో చూస్తుండండి. ఇంటర్వ్యూలో చదువు గురించి చెప్పాక, రాక్‌వెల్ గట్టిదనపు పరీక్షలో పడిన గుంట చుట్టూ పూత పెచ్చులూడిందో లేదో మైక్రోస్కోపులో చూసి పూత పట్టు ఎలా ఉందో చెప్పగలనని కూడా అనండి. ముందు నిజంగా నేర్చుకుని.

చేరాక మొదటిరోజే ఆర్గాన్, నైట్రోజన్ లైన్లు ఎక్కడ మూయాలో చూపించమనండి. వాటికి వాసన ఉండదు, లీకైనా తెలియదు, ఊపిరాడకుండా చేస్తాయి. పెద్ద ఛాంబర్ తలుపు తీసిన వెంటనే లోపలికి తల పెట్టకండి, గాలి బాగా ఆడనివ్వండి.