వేషము పలుకు మాట

అమరాపురమునకు సమీపమున హేమావతి కలదు. నొళంబరాజుల నాడు హెంజేరు అను పేర రాజధానియై వెలసిన ఆ గ్రామమున దొడ్డేశ్వరాలయము నేటికిని నిలిచియున్నది. అందలి నల్లరాతి స్తంభముల చెక్కడము చూడదగినది. అయినను ఆలయమందలి స్థావరలింగమును దర్శింపవలెనన్నచో గడప దాటవలెను. పూర్వకాలపు గుడుల గడప దాటుటకు అందరికిని అనుమతి లేకుండెను.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు లింగమును ప్రతి భక్తుని అంగముపైకి తెచ్చెను. దీనిని పూజావిధానముగా మాత్రమే తలచువారు సగమే గ్రహించినవారు. బాలుడైన బసవడు ఉపనయనమును నిరాకరించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. జందెము స్త్రీకి లేదు, చాకలికి లేదు, చర్మకారునకు లేదు. ఇష్టలింగమో, వీరందరి ఎదపైనను నిలిచెను. తమలో హెచ్చుతగ్గులు లేవని నోరు విప్పకయే వీధిలో చాటిన మాట అది.

చాటిన మాటకు నిలువవలసియు వచ్చెను. హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును కల్యాణ పట్టణమున వివాహము జరిగినప్పుడు, వరుడు చర్మకారుని బిడ్డ, వధువు బ్రాహ్మణుని బిడ్డ అని లోకమనెను. ఇరువురును లింగధారులే అని శరణులనిరి. తండ్రులిరువురికిని బిజ్జలుడు మరణదండన విధించెనని సంప్రదాయము.

వేషము ధరించినవారే కాదు, విడిచినవారును ప్రశ్నకు లోబడుదురు. వస్త్రములనే త్యజించిన అక్కమహాదేవిని అల్లమప్రభువు ఊరక విడువలేదు. బట్ట విడిచిన పిమ్మట కురులతో మేను కప్పుకొననేల అని అడిగెనని శూన్యసంపాదన కథ. ఆమె అలుగక సమాధానము చెప్పెను. 1921 సెప్టెంబరులో మధురకు పోవు రైలులో ఖద్దరు కట్టుడని గాంధీజీ చెప్పగా, అంత వెలపెట్టి కొనలేమని తోడి ప్రయాణికులనిరి. ఆ నెల 22వ తేదీన మధురలో ఆయన అంగీ, టోపీ విడిచి కొల్లాయి కట్టెను. ప్రశ్న అడిగినది బీదలు. మారినది చెప్పినవాని వేషము.

నేడు పెండ్లిపందిళ్ళలో వెండి లింగకాయలు తళతళలాడుచున్నవి. ఎవరిది ఎన్ని తులములన్న విచారము చుట్టములకు కలదు. గుడ్డలో కట్టిన లింగమునకు మహిమ తక్కువా? అడుగవలసినది వేరొకటి. కూలికి వచ్చినవాడు దాహమని గడప యొద్ద నిలువగా, చెంబు అందించుటకు ముందు వాని కులమడుగు యజమాని రొమ్మునను లింగమున్నది. అది ఆ కూలివానికి ఏమని చెప్పుచున్నట్లు?