బొమ్మ ట్రక్కు ఇంధనపు తొట్టి

రేడియో సంకేతముతో నడచు నైట్రో ట్రక్కు కొంతదూరము పరుగెత్తి, వేడెక్కి ఆగిపోయినచో పిల్లలు కార్బ్యురేటరు సూదినే త్రిప్పుచుందురు. మేము చూచినంతలో దోషము తరచుగా తొట్టియందే యుండును.

తొట్టికి పంపు లేదు. పొగగొట్టమునుండి వచ్చు సన్నని రబ్బరు గొట్టము ద్వారా పొగ లోనికి చేరి, ఆ యొత్తిడి చేతనే ఇంధనమును ఇంజనునకు నెట్టును. మూతక్రింది రబ్బరు వలయము అరిగినను, గొట్టము చిట్లినను ఒత్తిడి తగ్గును. ఇంధనము చాలక, అందు కలసియున్న నూనెయు చాలక ఇంజను కాగిపోవును.

తొట్టిని ఖాళీచేసి విప్పి, ఒక గొట్టమును మూసి, బక్కెట్టు నీటిలో ముంచి, రెండవదానినుండి సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టవలెను. బుడగలు లేచిన చోటనే చిల్లు. ఒక బాలుడు నోటితో ఊదబోగా చూచి మేము ఉలికిపడితిమి. ఈ ఇంధనములో అధికభాగము మెథనాలు. 1981లో మన బెంగుళూరులోనే కల్తీసారాయిలోని మెథనాలు 300 మందికి పైగా ప్రాణములను గొన్నది. దాని మంట పగటివేళ కంటికి సరిగా ఆనదు కూడ. మిగిలిన ఇంధనమును మంచినీళ్ల సీసాలో పోసి యుంచు అలవాటును తల్లిదండ్రులు వెంటనే మాన్పింపవలెను.

వలయము మార్చి, తొట్టి పూర్తిగా ఆరిన పిదపనే బిగింపవలెను. సూది సంగతి అటుపిమ్మట. సెలవులలో విజయవాడయందు సరిచేసిన ట్రక్కు, సుమారు 900 మీటర్ల యెత్తుననున్న ఇచ్చటి పలుచని గాలిలో ఇంధనమెక్కువై పొగలు గ్రక్కును. సూదిని కొద్దిగా బిగించిన చాలును.