వనస్థలిలో ఒక దినము

విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు రహదారిపై, నగరము సమీపించునప్పుడు మహావీర హరిణ వనస్థలి యను జాతీయోద్యానము కలదు. ఒకప్పుడిది నిజాము ప్రభువుల వేటభూమి. వర్ధమాన మహావీరుడు నిర్వాణము పొంది 2500 సంవత్సరములు నిండిన సందర్భమున, 1975వ సంవత్సరములో, అహింసను బోధించిన ఆ మహనీయుని పేరు ఈ వనమునకు పెట్టిరి. వేట సాగిన చోటనే మృగములకు అభయము లభించుట ఎంత ఉచితము! ప్రక్కనే వెలసిన వనస్థలిపురమునకు ఆ పేరు ఈ వనము వలననే వచ్చినది. 14 చదరపు కిలోమీటర్లకు మించిన ఈ ప్రదేశములో వేప, రేల, టేకు, చందనము, వెదురు మున్నగు చెట్లును, నడుమ నడుమ గడ్డి మైదానములును ఉన్నవి. కృష్ణజింకలు ఇచటి ప్రధాన నివాసులు.

నగరములోని ఒక ప్రత్యేక పాఠశాలవారు మార్గశిర మాసమున తమ విద్యార్థులను ఈ వనమునకు తీసికొనిపోవ నిశ్చయించిరి. వారిలో చూపు లేనివారు, వినికిడి లేనివారు, నడువలేనివారు, ఆటిజము గలవారు ఉండిరి. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుపగా, వారిలో ఒక తల్లి లేచి, "పంతులుగారూ! మావానికి చూపే లేదు గదా! అడవిలో వానికేమి కనబడును? ముల్లో రాయో తగిలినచో ఎవరు దిక్కు?" అని అడిగెను. ఆమె కంఠము వణకుచుండెను.

ప్రధానోపాధ్యాయుడు శాంతముగా ఇట్లు చెప్పెను: "అమ్మా! మీ భయము న్యాయమైనదే. కాని అడవి కన్నులకు మాత్రమే తెలియునది కాదు. హెలెన్ కెల్లరు పేరు వినియుందురు. ఆమె 19 నెలల ప్రాయమున చూపును, వినికిడిని కూడ కోల్పోయెను. అట్టి బాలికకు గురువగు ఆనీ సలివన్ పలుమారు ఆరుబయట, చెట్ల నడుమ పాఠములు చెప్పెను. కెల్లరు ఆ సంగతిని 1903లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాసికొన్నది. మీ బిడ్డకు ముల్లు తగులకుండ చూచుట మా బాధ్యత. అడవియే తగులకుండ చేయుట మాత్రము మనకు తగదు."

ఆ తల్లి కొంతసేపు ఊరకుండి, "మీ మాట మీద పంపుచున్నాను" అనెను.

ప్రయాణమునకు ముందు పది దినములు పాఠశాలలో సన్నాహము జరిగెను. వినికిడి లేని బాలిక యొకతె చిత్రపటమును చూచి బంకమట్టితో కృష్ణజింకను చేసెను. చూపు లేని బాలుడు దానిని చేతులతో తడవి, మెలికలు తిరిగిన కొమ్ములను మరల మరల వ్రేళ్లతో కొలిచెను. మగజింకకే అట్టి కొమ్ములుండుననియు, అది పుట్టినప్పుడు లేత గోధుమవన్నెలో నుండి ప్రాయము వచ్చిన కొలది నల్లబడుననియు ఉపాధ్యాయుడు వివరించెను. ఆటిజము గల బాలుని కొరకు వరుసగా అయిదు బొమ్మలు సిద్ధపరచిరి: బస్సు, వనద్వారము, చెట్టు, భోజనము, మరల బస్సు. తరువాత జరుగబోవునది ముందే తెలిసిన, ఆ బాలుని కలవరము తగ్గును.

పొరుగున నున్న ఉన్నత పాఠశాల నుండి ఎనిమిదవ తరగతి విద్యార్థులు కొందరు తోడుగా బయలుదేరిరి. వారి హృదయములు మంచివే. కాని వారికి తోడుండు విధము తెలియదు. బస్సు దిగగనే ఒక విద్యార్థి చూపు లేని బాలుని చేయి పట్టి లాగసాగెను. ఆ బాలుడు నవ్వి, "అన్నా! నన్ను లాగవలదు. నీ మోచేతిని నన్ను పట్టుకొననిమ్ము. నేను అర అడుగు వెనుక నడిచెదను. నీవు వంగిన వంపు, ఎక్కిన మిట్ట అన్నియు నాకు నీ చేతి వలననే తెలియును" అని చెప్పెను. ఆ విద్యార్థి సిగ్గుపడి అట్లే చేసెను.

కొంతదూరము పోయిన పిమ్మట బాట ఇసుకనేలగా మారెను. చక్రముల కుర్చీలోనున్న బాలికను ఇద్దరు విద్యార్థులు బలముగా ముందుకు నెట్టిరి. ముందరి చిన్న చక్రములు ఇసుకలో దిగబడి కుర్చీ కదలకపోయెను. వారు కుర్చీని బాలికతో సహా ఎత్తబోగా ఆమె వారించి, "కుర్చీని వెనుకకు త్రిప్పి లాగుడు. పెద్ద చక్రములు ముందుగా పోయినచో సులువుగా కదలును" అనెను. అట్లు చేయగా కుర్చీ ఆ ఇసుకనేలను దాటెను. సాయము చేయదలచినవారు సాయము పొందువారిని ముందుగా అడుగవలెనని విద్యార్థులకు అప్పుడు తెలిసినది. ఆ బాలికయే దారిప్రక్క గడ్డిపరకల నడుమ మంచుబిందువులతో మెరయు సాలెగూటిని చూపెను. కూర్చున్నందున ఆమె చూపు గడ్డి ఎత్తున నుండెను; నిలిచి నడచినవారి చూపు దానిని దాటిపోయెను.

రేలచెట్టు క్రింద చూపు లేని బాలుని కాలికి ఏదో తగిలెను. అతడు వంగి తీసి చూడగా, అది మూరెడు పొడవున్న ఎండిన కాయ. చెవిచెంత నుంచి ఆడింపగా గలగల మ్రోగెను. లోపల గింజలు వేరు వేరు అరలలో నుండునని వనరక్షకుడు చెప్పెను. తోడు విద్యార్థి ఆశ్చర్యపడెను. వాని పాఠశాల ఆవరణలోనే రేలచెట్టున్నది. దాని పసుపుపచ్చని పూలగుత్తులను ఏటేట చూచుచునే యున్నాడు. ఆ కాయలో గిలకయున్నదని నాటి వరకు ఎరుగడు. బాలుడు ఆ కాయను ఇంటికి తీసికొనిపోగోరెను. "నాయనా! ఈ వనములోనిది ఏదియు బయటకు తీసికొనిపోరాదు. రాలిన కాయయు పురుగులకు, పక్షులకు, మరుసటి మొలకకు ఉపయోగపడును" అని వనరక్షకుడు చెప్పగా, బాలుడు దానిని మరొక్కమారు మ్రోగించి, ఉన్నచోటనే యుంచెను.

ఇంతలో దూరమున తీతువు అరచెను. మన పల్లెలలో తీతువు కూతను అపశకునమందురు. నిజమునకు ఆ పక్షి, ఏదైన ప్రాణి తన చోటికి వచ్చినదని తోడిపక్షులను హెచ్చరించును. ఆ కూతను ముందుగా విన్న చూపు లేని బాలుడు "ఆగుడు! అటువైపున ఏదియో కదలుచున్నది" అని మెల్లగా పలికెను. అందరును నిలిచిరి. వినికిడి లేని బాలిక అతడు చూపిన వైపు తేరి చూచి, తలపై రెండు వ్రేళ్లు నిలిపి మెలిత్రిప్పుచు సైగ చేసెను. ఎండిన గడ్డిలో ఒక నల్లని మగజింక, దాని వెనుక గోధుమవన్నె ఆడజింకలు! ఒకరి చెవి, మరొకరి కన్ను కలియగా వారందరికిని జింకలు దొరకినవి. మరుక్షణమున మంద ఎగిరి గంతులు వేయుచు పోయెను. ఆ గిట్టల చప్పుడు దూరమై అణగు వరకు బాలుడు కదలక నిలిచి వినెను.

అటు ఆటిజము గల బాలుడు బస్సులో చెవులు గట్టిగా మూసికొన్నవాడు, వెదురుపొద చెంత వేపచెట్టు క్రింద కూర్చుండెను. గాలికి వెదుళ్లు కిఱ్ఱుమని రాచుకొనుచుండెను. ఎవరును వానిని పలుకరింపలేదు. కొంతసేపటికి వాడు తానుగా చేతులను చెవుల నుండి తీసి, ముఖము పైకెత్తి వినసాగెను. చూచుచున్న ఉపాధ్యాయుని కన్నులు చెమర్చెను. భోజనమైన పిమ్మట తిరుగు ప్రయాణమునకు లేవననగా, బలవంతము చేయక అయిదవ బొమ్మను చూపిరి. వాడు దానిని చేతబట్టుకొని నడిచెను.

మన దేశమున 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఇతరులతో సమానముగా వినోదములందు పాల్గొనుట వారి హక్కని, దానిని కాపాడుట ప్రభుత్వముల విధియని ఆ చట్టము చెప్పుచున్నది. కనుక వారిని వనమునకు తీసికొనిపోవుట దయ కాదు. వారికి చెందినదానిని వారికిచ్చుట.

ఆ సాయంకాలము తల్లి వాకిటనే నిలిచియుండెను. బిడ్డ కాళ్లు, చేతులు తడవి చూచి, గాయమేదియు లేదని నిట్టూర్చి, "ఏమి చూచితివిరా నాయనా?" అని అడిగెను. ఆమె నోట ఆ మాట అప్రయత్నముగా వచ్చెను.

"అమ్మా! చెప్పెదను. ముందు నీవు కన్నులు మూసికొనుము" అనెను బాలుడు. తల్లి కన్నులు మూసికొనెను. వాడు గొంతు సవరించుకొని తీతువు వలె కూసెను.

ప్రశ్నలు

1. తల్లి భయమునకు ప్రధానోపాధ్యాయుడు చెప్పిన సమాధానమేమి?
2. చూపు లేనివారికి తోడుగా నడచునప్పుడు ఎట్లు మెలగవలెను?
3. జింకల మందను కనుగొనుటలో ఎవరెవరు ఏ విధముగా తోడ్పడిరి?
4. మీ పాఠశాలలోనికి చక్రముల కుర్చీతో వచ్చు బాలికకు అడ్డగించునవి ఏవి? వాటిని తొలగించు ఉపాయములు వ్రాయుడు.